మిలిటరీ నుంచి దిగొచ్చిన నాయనలకు: పిల్లల కోసం ఏ బెనిఫిట్ ముందు పట్టుకోవాల, ఏది తర్వాత

మిలిటరీ నుంచి పెన్షన్‌కు వచ్చినోళ్ళు మన కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో చానా మంది ఉండారు, నలభై దాటీ దాటకముందే దిగొస్తారు, ఇంట్లో పిల్లలు అప్పటికి ఒకరు మూడో క్లాసు, ఒకరు ఏడో క్లాసు అట్ల ఉంటారు. వచ్చినాక మొదటి ఆరు నెల్లు దేని మీద పోతాయంటే స్పర్శ్‌లో (మిలిటరీ పెన్షన్ ఆన్‌లైన్ పోర్టల్) పెన్షన్ లెక్క సరిగ్గా పడిందా, క్యాంటీన్ కార్డు ఎప్పుడొస్తాది, ఇల్లు కట్టేదానికి ఎంత మిగిల్తాది, వీటి మీదే. అవి అవసరమే, కాదనను. కానీ పెన్షన్ ఒక నెల ఆలస్యమైతే అరియర్స్‌తో కలిపి వస్తాది, వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఎప్పుడు దిగినా ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు వాళ్ళకు ఒకే పెన్షన్) కూడా 2014 జులై, 2019 జులై, 2024 జులై అని తేదీ పెట్టి వెనకనుంచి లెక్క కట్టి ఇచ్చినారు. పిల్లోనికి పన్నెండేళ్ళు దాటిపోతే మాత్రం సైనిక్ స్కూల్ ఆరో క్లాసు పరీక్షకు అరియర్స్ ఉండవు. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, యాడ ఎక్కువ డబ్బులొస్తాయి అని కాదు, యాడ గడువు ముందు అయిపోతాది అని చూసి ఎంచుకోండి.

నేను సిగ్నల్స్‌లో హవల్దారుగా దిగొచ్చిన ఆయన కూతుర్ని, పీఎం స్కాలర్‌షిప్ మీద చదువుకున్నదాన్ని, ఇప్పుడు మా నాయన స్నేహితులకు, వాళ్ళ పిల్లలకు ఫారాలు నింపిచ్చేది నా పనే అయిపోయింది. కాబట్టి ఇది చదివి నేర్చుకున్నదాని కంటే నింపి నేర్చుకున్నదే ఎక్కువ.

దేనికన్నా ముందు పేర్ల సంగతి. ఇది ఎంపిక కాదు, ఇది గేటు, ఇది దాటకుండా ఏ స్కీమూ మీది కాదు. మన సీమలో ఇంటిపేరు ముందు రాస్తాం, మిలిటరీలో వెనక రాస్తారు లేకపోతే ఒక్క అక్షరం చేసేస్తారు, ఆధార్‌లో కొండా రామాంజనేయులు, డిశ్చార్జ్ బుక్‌లో రామాంజులు కె, పిల్లోని టెన్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు కె.రామాంజనేయులు. మీకు ముగ్గురూ ఒకరే అని తెలుసు, ఆన్‌లైన్‌లో ఫారం చూసే ఆయనకు తెలీదు. దానికి తోడు బళ్ళో వేసేటప్పుడు వయసు సరిపోలేదని పుట్టిన తేదీ నాలుగు నెల్లు జరిపి రాయిస్తారు, యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (పెళ్ళి, పిల్లల పుట్టుక లాంటివి సర్వీసు రికార్డులో ఎక్కించే కాగితం) అసలు తేదీతో పడి ఉంటాది, పదేళ్ళ తర్వాత స్కాలర్‌షిప్ అప్పుడు రెండూ ఢీకొంటాయి. రికార్డులో సరిచేయించుకోవాలంటే బర్త్ సర్టిఫికెట్, అఫిడవిట్ పెట్టి సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ద్వారా మీ రికార్డ్ ఆఫీసుకు పంపాల. ఈఎంఈ (మిలిటరీ బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగం) వాళ్ళకూ ఆర్డినెన్స్ వాళ్ళకూ సికింద్రాబాద్ కాబట్టి కొంచెం దగ్గర, ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మెగ్ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) అయితే బెంగుళూరు. నెలలు పడుతాది. పిల్లోడు ఇంటర్ రెండో ఏడాదికి వచ్చినాక మొదలుపెట్టొద్దు, దిగొచ్చిన మొదటి నెల్లోనే డిశ్చార్జ్ బుక్ ముందర పెట్టుకుని ప్రతి పిల్ల పేరూ తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూస్కోండి.

ఇంగ డబ్బుల విషయానికొస్తే చదువుకు ప్రధానంగా రెండు ఉండాయి, ఈ రెండిటినీ చానా మంది ఒకటే అనుకుంటారు, ఒకటొస్తే రెండోది అడగరు. ఒకటి కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ఎడ్యుకేషన్ గ్రాంట్, ఇంకోటి పీఎం స్కాలర్‌షిప్. గ్రాంట్ హవల్దారు ర్యాంకు వరకే, నేవీ ఎయిర్‌ఫోర్స్‌లో దానికి సమానమైన ర్యాంకుల వరకు, ఇద్దరు పిల్లల దాకా, ఒకటో క్లాసు నుంచి డిగ్రీ అయ్యేదాకా. నెలకు వెయ్యి ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 2,000 చేసినారు. పిల్లలు ఆ ఏడాది క్లాసు పాసైనాక పాసైన ఏడాదికి అడగాల. పీఎం స్కాలర్‌షిప్ ఏమో ఏడాదికి దేశం మొత్తానికి 5,500 మందికి, అందులో సగం ఆడపిల్లలకు సగం మగపిల్లలకు, ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లోనికి 2,500 (నేను చదివేటప్పుడు ఆడపిల్లలకు 2,250 ఉండేది). ఇది జేసీఓల (హవల్దారు పైన నాయబ్ సుబేదారు, సుబేదారు ర్యాంకుల వాళ్ళ) పిల్లలకు కూడా వస్తాది, కానీ బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీసీఏ, బీబీఏ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు మాత్రమే, ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాల, అన్నిటికంటే ముఖ్యం ఫస్ట్ ఇయర్‌లోనే అప్లై చేయాల. సెకండ్ ఇయర్‌లో తెలిసింది అక్కా అని ఫోన్ చేసే పిల్లలు ఉంటారు, ఏం చేయలేం, పాలిటెక్నిక్ చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా సెకండ్ ఇయర్‌కు వచ్చినోళ్ళకు తప్ప ఆ దారి లేదు.

చూసేదానికి పీఎం స్కాలర్‌షిప్పే పెద్దది అనిపిస్తాది. లెక్క వేసి చూడండి, నాలుగేళ్ళ బీటెక్‌కు ఆడపిల్లకు 1,44,000, మగపిల్లోనికి 1,20,000. గ్రాంట్ ఏడాదికి 24,000, ఒకటో క్లాసు నుంచి మామూలు డిగ్రీ దాకా పదిహేనేళ్ళు ఏదీ తప్పకుండా తీసుకుంటే ఒక్క బిడ్డకే 3,60,000 అవుతాది. కాబట్టి చిన్న పిల్లలున్న నాయక్ ర్యాంకు వాళ్ళు, హవల్దార్లు గ్రాంట్‌ను చిన్నచూపు చూడొద్దు, ప్రతి ఏడాది రిజల్ట్ రాగానే ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని కూర్చోవడమే. సుబేదారు ర్యాంకులో దిగినోళ్ళకు ఆ గ్రాంట్ లేదు, వాళ్ళకు పీఎం స్కాలర్‌షిప్పే దారి, అంటే పిల్లల ఇంటర్ మార్కుల మీద కన్ను ఉండాల్సింది వాళ్ళకే ఎక్కువ. బిడ్డ అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీఏనో బీకామో చేరితే పీఎం స్కాలర్‌షిప్‌కు అసలు పనికిరాదు, గ్రాంటే అడగాల. బీటెక్‌లో చేరితే పీఎం స్కాలర్‌షిప్ ఎంచుకోండి, ఏడాదికి 24,000 కంటే 30,000 ఎక్కువ కదా. ఒకే బిడ్డకు ఒకే ఏడాదికి రెండు చోట్లా చేయి చాపొద్దు, గ్రాంట్ ఫారంలో ప్రభుత్వం నుంచి గానీ ఉద్యోగం ఇచ్చిన వాళ్ళ నుంచి గానీ చదువు డబ్బు తీసుకోవడం లేదని రాసివ్వాల్సి ఉంటాది.

ఆ ఉద్యోగం మాట చానా మంది గమనించరు. దిగొచ్చి గుంతకల్ రైల్వేలోనో ఇంకో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులోనో చేరినారనుకోండి, అక్కడ చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ 2024 జనవరి నుంచి నెలకు 2,812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లలకు, ఇంటర్ దాకా. గ్రాంట్ కంటే అదే మేలు, దాంట్లో పోటీ లేదు, ఎదురు చూసేది లేదు, ఆఫీసులో స్కూల్ హెడ్మాస్టర్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతాది.

పీఎం స్కాలర్‌షిప్ ఫారం గురించి ఒక్కటి దగ్గరగా చెప్తా, ఎందుకంటే రిజెక్ట్ అయ్యేవి చానా వరకు ఈడే. మూడు అనెక్షర్‌లు (ఫారంతో జతచేసే కాగితాలు) ఉంటాయి, ఒకటి సైనిక్ వెల్ఫేర్ ఆఫీసర్ సంతకం, రెండోది కాలేజీ బోనఫైడ్, మూడోది బ్యాంకు. కాలేజీ వాళ్ళు తమ లెటర్‌హెడ్ మీద తమకు అలవాటైన బోనఫైడ్ ఇచ్చి పంపిస్తారు, అది పనికిరాదు, అనెక్షర్ ఫార్మాట్‌లోనే కావాల, ప్రిన్సిపాల్ సంతకం, సీలు కనపడాల, ఫోన్‌తో తీసిన ఫొటోలో సీలు మసకగా పడితే వెనక్కి పంపిస్తారు. స్కాన్ సెంటర్‌కు పోయి ఇరవై రూపాయలు పెట్టి స్కాన్ చేయించండి. బ్యాంకు ఖాతా బిడ్డ పేరు మీద ఉండాల, మీ పెన్షన్ ఖాతా ఇవ్వొద్దు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెన్యూవల్ ఉంటాది, 50 శాతం మార్కులు తప్పితే ఆ ఏడాది డబ్బు పోతాది, బ్యాక్‌లాగ్‌లు పెట్టుకునే పిల్లలకు ఈ ముక్క ముందే చెప్పండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాది కదా ఇదంతా ఎందుకు అనేవాళ్ళు ఉండారు. పెన్షన్ కూడా ఆదాయమే, ఏడాదికి రెండున్నర లక్షల లిమిట్ చాలా మంది హవల్దార్లకు పెన్షన్‌తోనే దాటిపోతాది, దాన్ని నమ్ముకుని పీఎం స్కాలర్‌షిప్ వదులుకోవద్దు.

స్కూళ్ళ దగ్గరికొస్తాం. బిడ్డ వయసును బట్టి ఇది పూర్తిగా మారిపోతాది. ఆరేళ్ళ బిడ్డ ఉంటే కేంద్రీయ విద్యాలయం ఒకటో క్లాసే మొదట చూడాల్సింది, ఎక్స్‌సర్వీస్‌మెన్ పిల్లలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలతో సమానంగా మొదటి క్యాటగిరీలో ఉంటారు, ఫీజు ప్రైవేటుతో పోలిస్తే లెక్కలోకే రాదు. కర్నూలు, అనంతపురం, గుంతకల్, కడపల్లో కేవీలు ఉండాయి. రెండో క్లాసు నుంచి ఖాళీ ఉంటేనే సీటు, కాబట్టి ఆరేళ్ళప్పుడు తప్పిపోతే తర్వాత చానా కష్టం. ఇప్పటికే జోధ్‌పూర్‌లోనో పఠాన్‌కోట్‌లోనో కేవీలో చదివే పిల్లలైతే అక్కడ కేవీ టీసీ తీసుకునే రండి, ఊరికే మామూలు టీసీతో వస్తే కొత్త అడ్మిషన్ లెక్కే. ఇంకొక కారణం కూడా ఉంది కేవీ ఎందుకంటే, నార్త్‌లో పెరిగిన పిల్లలకు హిందీ బాగా వస్తాది, తెలుగు చదవడం రాదు, ఊర్లో ప్రైవేటు స్కూల్లో ఐదో క్లాసు తెలుగు పుస్తకం ముందర పెడితే ఆ పిల్లోడు పడే బాధ చూడలేం. ఇంట్లో ఏమో నాయన కొత్త మనిషి, స్కూల్లో ఏమో భాష కొత్త, రెండూ ఒకేసారి పిల్లల మీద వేయకుండా ఉంటే మంచిది.

పది పన్నెండేళ్ళ మధ్య బిడ్డ ఉంటే సైనిక్ స్కూల్. మనకు దగ్గర కలికిరి, కడప నుంచి రాయచోటి మీదుగా పోతే సరిపోతాది, 2014లో మొదలైన స్కూల్ అది, ఇంకొకటి కోరుకొండ ఏమో విజయనగరం దాకా పోవాల. రిజర్వేషన్ సీట్లు పోగా మిగిలిన వాటిలో 25 శాతం డిఫెన్స్ వాళ్ళ పిల్లలకు, అందులో ఎక్స్‌సర్వీస్‌మెన్ కూడా వస్తారు. ఆరో క్లాసు పరీక్ష తెలుగులో రాయొచ్చు, తొమ్మిదో క్లాసుది ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం పిల్లలకు అందుకే ఆరో క్లాసే సరైన టైము. మొత్తం 300 మార్కుల్లో 150 లెక్కలకే పోతాయి, కోచింగ్ అంటే ఏం కాదు, ఐదో క్లాసు లెక్కలు రోజూ సాయంత్రం మీరే కూర్చోపెట్టి చేయిస్తే చాలా వరకు అయిపోతాది, అదొక్కటే ఒక పాతికేళ్ళు చెప్పుకునే జ్ఞాపకం అవుతాది మీ ఇద్దరికీ. ఆడపిల్లలను కూడా 2021-22 నుంచి తీసుకుంటాండారు. ఇబ్బంది ఏంటంటే ఫీజు ఏడాదికి లక్ష దాటుతాది. దాంతో పోలిస్తే బెంగుళూరులో ఉండే రాష్ట్రీయ మిలిటరీ స్కూల్ అనంతపురం వాళ్ళకు దూరం కాదు, ఫీజు తండ్రి ర్యాంకును బట్టి ఉంటాది, జవాన్ల పిల్లలకు చానా తక్కువ, సీట్లలో ఎక్కువ భాగం కూడా జవాన్లు, జేసీఓల పిల్లలకే. సీట్లు తక్కువ, దేశమంతా పోటీ. నా సలహా రెండు పరీక్షలకూ అప్లై చేయండి, రెండూ వస్తే డబ్బు కోసం మిలిటరీ స్కూల్, దగ్గర కావాలంటే కలికిరి.

ఒక మాట మాత్రం ఆలోచించండి. పదిహేడేళ్ళు బయట ఉండి ఇప్పుడే ఇంటికొచ్చినారు, వచ్చీ రాగానే బిడ్డను హాస్టల్‌కు పంపాలా అని ఇంట్లో ఆడోళ్ళు అడిగితే అది అడగాల్సిన ప్రశ్నే. బిడ్డ సరే అంటేనే పంపండి. మీకు పరేడ్ గ్రౌండ్ ఇష్టం కదా అని బిడ్డకు ఇష్టం ఉండాలని లేదు.

కాలేజీ సీటుకు క్యాప్ కోటా ఉంది, అంటే ఆర్మ్డ్ పర్సనల్ పిల్లల కోటా, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో 2 శాతం, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి కూడా ఈ కోటా వర్తిస్తాది. యుద్ధంలో పోయిన వాళ్ళ పిల్లలకు, గాయపడి దిగిన వాళ్ళ పిల్లలకు ముందు ఇస్తారు, మామూలుగా రిటైరైన వాళ్ళ పిల్లలు తర్వాత వస్తారు. అయినా అప్లికేషన్‌లో ఆ గడి టిక్ చేసి పెట్టండి, స్పెషల్ క్యాటగిరీ వెరిఫికేషన్ తేదీ విడిగా ఇస్తారు, ఆ రోజు ఒరిజినల్స్‌తో పోకపోతే టిక్ చేసినా లాభం లేదు. ఇది సీటు, పీఎం స్కాలర్‌షిప్ డబ్బు, రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

ఇంగ మీ రెండో ఉద్యోగం. దీన్ని పిల్లల బెనిఫిట్‌లలో ఎందుకు కలుపుతాండానంటే, పిల్లలకు అన్నిటికంటే పెద్ద బెనిఫిట్ మీరు ఇంట్లో ఉండటం. డీఎస్‌సీలో (టీచర్ల డీఎస్‌సీ కాదు, మిలిటరీ స్థావరాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరితే యూనిఫాం, తెలిసిన బతుకు, పదిహేనేళ్ళు చేస్తే రెండో పెన్షన్. కానీ కన్ననూర్ సెంటర్ నుంచి దేశంలో యాడికి వేస్తే ఆడికి పోవాల. బ్యాంకు క్లర్కుల్లో ఎక్స్‌సర్వీస్‌మెన్‌కు 14.5 శాతం, సబ్ స్టాఫ్‌లో (అటెండర్ లాంటి పోస్టులు) 24.5 శాతం, వయసులో మీ సర్వీసు మొత్తం ప్లస్ మూడేళ్ళు తీసేస్తారు, 50 ఏళ్ళు దాటకుండా. తెలుగు చదవడం రాయడం రావాల కాబట్టి టెన్త్ తెలుగుతో చదివిన మన వాళ్ళకు అది కలిసొచ్చే విషయం. మన ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది కదా, దాని ఆఫీస్ అసిస్టెంట్ పోస్టులు కూడా ఐబీపీఎస్ (బ్యాంకు పరీక్షలు పెట్టే సంస్థ) ద్వారానే, అవీ చూడండి. పిల్లలు డిగ్రీకి వచ్చేసి ఉంటే డీఎస్‌సీ తప్పేం లేదు, రెండో పెన్షన్ ముసలితనంలో ఆదుకుంటాది. పిల్లలు పదిలోపు ఉంటే ఒక ఏడాది కష్టపడి బ్యాంకు పరీక్ష రాయండి అన్నా, పెన్షన్ ఉంది కాబట్టి ఆ ఏడాది ఇల్లు గడుస్తాది. ఒకటి మర్చిపోవద్దు, సివిల్ ఉద్యోగంలో ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటాలో ఒకసారి చేరితే మళ్ళీ ఆ కోటా వాడుకోలేరు, చేరకముందే ఇంకేం పోస్టులకు అప్లై చేసి ఉన్నారో చేరిన రోజే రాసిస్తే వాటికి మాత్రం కోటా నిలుస్తాది, 2014లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు అది. సబ్ స్టాఫ్‌గా చేరే వాళ్ళు ఆ కాగితం రాసివ్వకుండా చేరొద్దు.

వైద్యానికి వస్తే, పెన్షన్ వచ్చే వాళ్ళకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది, హవల్దారు దాకా ఒక్కసారి 30,000, జేసీఓలకు 67,000 కట్టించుకుంటారు, జీవితాంతం. భార్య, కొడుకు 25 ఏళ్ళ దాకా లేదా సంపాదన వచ్చేదాకా, కూతురు పెళ్ళి అయ్యేదాకా లేదా సంపాదన వచ్చేదాకా. అమ్మానాయన కూడా వస్తారు, వాళ్ళ ఇద్దరి ఆదాయం కలిపి నెలకు 9,000, దాని మీద డీఏ కలుపుకుని లోపల ఉంటే. పోటీ ఇక్కడ ఏంటంటే, 2024 అక్టోబర్ నుంచి డెబ్భై దాటిన వాళ్ళందరికీ ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి ఐదు లక్షల దాకా, ఊర్లో ఆశా కార్యకర్త వచ్చి మీ నాయనకు కార్డు తీయిస్తాం అంటుంది. ఈసీహెచ్‌ఎస్ ఉన్న వాళ్ళు రెండిట్లో ఒకటే ఎంచుకోవాల. నన్నడిగితే ఈసీహెచ్‌ఎస్సే. బీపీ షుగర్ మందులు ప్రతి నెలా ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్‌లో ఇస్తారు, వయ వందన ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తాది, పెద్దోళ్ళకు రోజూ అయ్యే ఖర్చు మందులదే. డిపెండెంట్‌గా ఎక్కని పెద్దోళ్ళకు మాత్రం వయ వందన తీయించండి, ఆలోచించేదే లేదు. ఎమర్జెన్సీలో లిస్టులో లేని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కు చెప్పాల, ఆ నంబరు ఫ్రిజ్ మీద అతికించి పెట్టండి, ఇంట్లో ఆడోళ్ళకు తెలిసేట్టు. పెన్షన్ లేకుండా దిగిన వాళ్ళకు మామూలుగా ఈసీహెచ్‌ఎస్ రాదు, వాళ్ళకు ఎన్టీఆర్ వైద్య సేవే.

వికలాంగ బిడ్డ ఉంటే పైవన్నీ పక్కన పెట్టి ఈ పని ముందు చేయండి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో ఆ బిడ్డ పేరు రికార్డ్ ఆఫీసులో ఎక్కిస్తే ఈసీహెచ్‌ఎస్ వయసు లిమిట్ లేకుండా ఉంటాది, మీ ఇద్దరి తర్వాత ఫ్యామిలీ పెన్షన్ ఆ బిడ్డకు జీవితాంతం వస్తాది. మీరు బతికుండగా చేయిస్తే పది కాగితాలతో అయ్యే పని, తర్వాత అయితే ఆ బిడ్డ కోసం ఇంకెవరో ఆఫీసుల చుట్టూ తిరగాల.

కూతురి పెళ్ళి గ్రాంట్ 2025 నవంబర్ నుంచి లక్ష అయింది, హవల్దారు దాకా, ఇద్దరు కూతుర్లకు. పెళ్ళి అయినాక అప్లై చేసేది కాబట్టి దాన్ని నమ్ముకుని మంటపం బుక్ చేయొద్దు, వచ్చినప్పుడు వస్తాది.

చివరగా మీ గురించే. రాత్రి నిద్ర పట్టక, చిన్న శబ్దానికి లేచి కూర్చుని, పొద్దున పిల్లల మీద అరిచే నాయనలు ఉండారు, పిల్లలు నాయన అంటే భయపడి పక్క రూంలోకి పోతారు, ఇంట్లో ఎవరూ మాట్లాడరు. దీనికి రెండు దారులు. టెలీ మానస్ (ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ లైను), 14416, ఉచితం, రాత్రి పగలు, తెలుగులో మాట్లాడతారు, పేరు కూడా చెప్పనక్కర్లేదు, పక్కింటికి తెలుస్తాదేమో అని ఆగిపోయిన వాళ్ళకు ఇదే మొదటి మెట్టు. ఈసీహెచ్‌ఎస్‌లో అయితే పాలిక్లినిక్ డాక్టరుతో మాట్లాడి సైకియాట్రిస్ట్‌కు రిఫరల్ తీసుకోవాల, లైన్లో నిలబడాల, తెలిసిన వాళ్ళు కనపడతారు, కానీ మందులు, మళ్ళీ మళ్ళీ చూపించుకోవడం అంతా కార్డు మీదే. రెండు మూడు తూర్లు ఫోన్లో మాట్లాడినా నిద్ర రాకపోతే, లేకపోతే పిల్లల మీద చేయి లేచే దాకా వస్తే ఫోన్‌తో ఆగొద్దు, రిఫరల్ తీసుకోండి, పోయేటప్పుడు భార్యను కూడా తీసుకుపోండి, రాత్రుళ్ళు ఏం జరుగుతాందో డాక్టరుకు ఆమె చెప్పినంత సరిగ్గా మీరు చెప్పలేరు.